కాన్పు దాకా సరే, ఆ తర్వాత?

అపోహ: ఆడవాళ్ల ఆరోగ్యానికి సర్కారు బోలెడు ఖర్చు పెడుతోంది.

పెడుతోంది, కాన్పు వరకు. హైదరాబాద్‌లో గైనకాలజిస్టుగా ఆ మార్పు కళ్లారా చూశాను. 2018-20 లెక్కల్లో ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే తెలంగాణలో 43. పట్టించుకున్నచోట ఫలితం వస్తుంది. నెలకు పదిహేను రోజులు బ్లీడింగ్‌తో వచ్చే నలభై ఏళ్ల మనిషికి మాత్రం అంత ఏర్పాటు లేదు. 2023లో మొదలైన ఆరోగ్య మహిళ మంగళవారం క్లినిక్‌లు మంచి అడుగే, కాకపోతే వారానికి ఒక్క రోజు.

అపోహ: పిల్లలు పుట్టేశాక గర్భసంచితో పనేముంది?

ఈ మాట పేషెంట్లే అంటారు. మొన్న ఒకావిడ ప్లాస్టిక్ కవర్లోంచి స్కాన్ కాగితం తీసి, "సంచికి పుండు పడిందంట, క్యాన్సర్ అవుద్దంట. తీసేయండి మేడం, పీడ పోతుంది" అంది. వయసు 34. కాగితంలో ఉన్నది చిన్న ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేసినవారు దేశంలో సుమారు 3 శాతం, తెలంగాణలో 8 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, ఒక్కసారిగా మీద పడుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

దీని వెనక డబ్బు లెక్క ఉంది. బీమా పథకాలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. బ్లీడింగ్ తగ్గించే మాత్రలకు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌కు చాలామంది సొంత డబ్బు పెట్టుకోవాలి. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మంచిదే. ఓపీ చికిత్సకూ డబ్బివ్వకుండా కోత ఫ్రీ, మాత్ర మీ ఖర్చు అంటే ఆమె దేన్ని ఎంచుకుంటుంది?

అపోహ: క్యాన్సర్ పరీక్షకు పెద్ద మిషన్లు కావాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ తొలి పరీక్షల్లో ఒకదానికి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే పలచగా కలిపి దూదితో అద్దుతాం. మంచి లైటు ఉండాలి, ఒక నిమిషం ఆగాలి. అయినా అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్‌కు ఏ పరీక్షైనా ఒక్కసారి చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఒక బస్తీ హెల్త్ సెంటర్‌కు ఈ పరీక్ష కోసం టేబుల్, కర్టెన్ కావాలని రాస్తే "అక్కడ కాన్పులు జరగవు కదా, టేబుల్ దేనికి?" అని ఫైల్ వెనక్కొచ్చింది. చివరికి స్టాఫ్‌నర్సు ఇంట్లోంచి పాత చీర తెచ్చి కట్టింది.

అపోహ: జెండర్ బడ్జెట్ అంటే ఆరోగ్యం డబ్బే.

కాదు. బడ్జెట్‌లో ఆడవాళ్ల కోసం పెడుతున్నది ఇదీ అని కేంద్రం 2005-06 నుంచి చూపిస్తున్న ఆ లెక్కలో ఇళ్ల పథకాలూ ఉంటాయి. మొత్తం అంకె కాదు, పద్దులు చదవండి.

అపోహ: నిధులు అడగడం మనవల్ల కాదు.

తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతే. ఒక బస్తీలో మహిళా సంఘంవాళ్లు ఐరన్ మాత్రలు లేని రోజులన్నీ నెలపాటు క్యాలెండర్ మీద గుండ్రాలు చుట్టారు. కార్పొరేటర్ డ్రైనేజీ చూడ్డానికి వచ్చినప్పుడు ఆ క్యాలెండర్ చేతిలో పెట్టారు. మూడో వారానికి మాత్రలొచ్చాయి.