హౌసింగ్‌లో ఏ క్రౌన్ వేయాలి? పాత కారు రోజూ నడిపేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కడప నుంచి రాయచోటి పోయే ఏ బండికైనా గువ్వలచెరువు ఘాటే పరీక్ష. ఇంజన్ ఎంత బాగా కట్టినా, ఆ మలుపుల్లో మూడో గేరులో ఎక్కుతుందా, రెండోదానికి దిగాల్సిందేనా అన్నది వెనక ఇరుసు నడుమ ఉండే హౌసింగ్ అనే గుండ్రటి డబ్బాలోని క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్ల మీద కూడా ఆధారపడుతుంది. పాత అంబాసిడర్లు, పద్మినీలు, జీపులను ఆదివారం షోకుకు కాకుండా రోజూ పనికి నడిపేవాళ్లు మా షెడ్డుకు వస్తుంటారు. వాళ్ల నోట నేను ఎక్కువసార్లు విన్నవి ఇవి.

అపోహ: రేషియో నంబరు పెద్దదైతే స్పీడు పెద్దది.

తలకిందులు. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. 41 పళ్ల క్రౌన్‌కు 9 పళ్ల పినియన్ ఉంటే 4.55. అంటే గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగ్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు సుమారు నాలుగున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. నంబరు పెరిగేకొద్దీ లాగుడు పెరిగి పరుగు తగ్గుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు 39/8, అంటే 4.88. యుద్ధం అయ్యాక అదే జీపును రైతులకు అమ్మేటప్పుడు 43/8 వేశారు, అంటే 5.38. మడక లాగాలి కదా మరి!

(సరిగ్గా 4.5 ఎందుకు పెట్టరని ఒకాయన అడిగినాడు. 36కు 8 పెడితే అవే పళ్లు మళ్లీ మళ్లీ కలుసుకుని అక్కడక్కడే అరుగుతాయి. 41కి 9 పెడితే పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునూ వంతులవారీగా తాకుతుంది. అరుగుదల సమంగా ఉంటుంది.)

మీ బండిలో ఏముందో హౌసింగ్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో వేసి, వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపండి. దాన్ని 20 చుట్లు తిప్పండి. రెండో చక్రం నేల మీదే ఆగి ఉంది, ఒకటి ఆగితే రెండోది క్రౌన్‌కు రెండింతలు తిరుగుతుంది కాబట్టి క్రౌన్ తిరిగేది 10 చుట్లే. షాఫ్టు మీద సుద్దగీత పెట్టి లెక్కిస్తే 45న్నర వచ్చిందా, మీది 4.55. రెండు చక్రాలూ గాల్లో ఉంటే ఈ లెక్క కుదరదు.

అపోహ: రేషియో తగ్గిస్తే మైలేజీ పెరిగి తీరుతుంది.

ఎక్కువ డబ్బు దీనికే పోతుంది. రాయచోటిలో ఉద్యోగం చేసే సారు ఒకాయన అంబాసిడర్ తెచ్చినారు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, నాలుగు గేర్లు. "అబ్బీ, ఇంజన్ అరవకూడదని వేరేచోట క్రౌన్ మార్పించినా. మైలేజీ పెరగాల్సింది పోయి తగ్గింది, ఏందిది?" అన్నారు. విప్పి లెక్కపెడితే 43/11, అంటే 3.9. అంతకుముందు ఉన్నది 41/9, అంటే 4.55.

లెక్క చూడండి. గంటకు 60 అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. 165/80 ఆర్ 15 టైరు ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు పోతుంది కాబట్టి నిమిషానికి 500 చుట్లు. టాప్ గేరులో ఇంజన్, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. 4.55తో ఇంజన్ 2,275 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుంది, 3.9తో 1,950. మైదుకూరు వైపు చదును రోడ్డు మీద ఈ తేడా హాయిగానే ఉంటుంది.

ఇక సారు మైలేజీ సంగతి. స్పీడు, కిలోమీటర్లు చూపే మీటరు కేబుల్ గేర్‌బాక్సు వెనక నుంచి వస్తుంది. అది షాఫ్టు చుట్లనే లెక్కిస్తుంది, చక్రాన్ని చూడదు. 3.9 వేశాక బండి నిజంగా 100 కిలోమీటర్లు పోతే మీటరు 86 చూపిస్తుంది. సారు ఆ 86నే పెట్రోలుతో భాగిస్తున్నారు! ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు అసలు స్పీడు 70 అని తెలిసి ఆయన ముఖం చూడాలి.

మీటరు సరిచేస్తే మైలేజీ కాస్త మెరుగే అని తేలింది, కానీ చదును మీద మాత్రమే. ఘాట్లో ఇదివరకు మూడో గేరులో ఎక్కిన చోట రెండుకు దిగాల్సి వచ్చేది. దిగకుండా మొండికేస్తే ఇంజన్ టకటక కొట్టుకునేది. ఏటవాలులో లారీ వెనక ఆగి కదిలేటప్పుడు క్లచ్ ప్లేటు వాసన. కడప వైపు దిగేటప్పుడు ఇంకో ఇబ్బంది: అదే గేరులో ఇంజన్ పట్టు తగ్గుతుంది, భారమంతా డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. మీరు రోజూ ఎక్కే ఎత్తును బట్టి క్రౌన్ ఎంచుకోండి, ఏడాదికి రెండుసార్లు పోయే హైదరాబాదును బట్టి కాదు.

సారుకు మళ్లీ 41/9 వేసినాను. హైవే హాయి కూడా కావాలంటే ఐదు గేర్ల బాక్సు మంచి దారి. ఐదో గేరు 0.85 అనుకోండి (షాఫ్టు ఒక చుట్టుకు ఇంజన్ 0.85 చుట్టే), 4.55తో గుణిస్తే 3.87. చదును మీద ఆ 3.9 సుఖమే దొరుకుతుంది, ఘాట్లో కింది గేర్ల బలం అలాగే ఉంటుంది. షాఫ్టు పొడవు, బాక్సు మౌంటింగ్, మీటరు కేబుల్ మార్చుకోవాలి. ఖర్చు ఎక్కువే.

అపోహ: టైరుకూ రేషియోకూ సంబంధం లేదు.

అందం కోసం 175/65 ఆర్ 14 వేయించుకుని "ఇంజన్ అరుస్తోందన్నా" అని వచ్చేవాళ్లున్నారు. ఆ టైరు చుట్టుకు 1.83 మీటర్లే పోతుంది. 4.55 హౌసింగ్ దాదాపు 5 అయినట్టే. క్రౌన్ జోలికి పోయేముందు టైరు సైజు చూడండి.

అపోహ: పినియన్ ఒక్కటే అరిగింది, అదొక్కటి మారిస్తే చాలు.

చాలదు. రెండూ కలిపి నూరిన జత. వేరే జతలోని పినియన్ వేస్తే ఆ హోరు కారు అమ్మేదాకా వదలదు. కొత్త జతకు కూడా బ్లూ (నీలి రంగు పేస్టు) పూసి పళ్ల అచ్చు ఎక్కడ పడుతుందో చూడాలి, షిమ్‌లు (పలుచటి రేకు వాషర్లు) మార్చి పళ్ల మధ్య ఆట, అంటే సందు, సరిచేయాలి. చాలా కార్లకు ఆ ఆట 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్యే. అరగంటలో బిగించి ఇస్తానన్న చోట బండి వదలొద్దు. ఆయిల్ హైపాయిడ్‌కు (ఈ రకం క్రౌన్, పినియన్ జతకు) సరిపోయే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయండి.

అపోహ: జీపుకు వెనక క్రౌన్ ఒక్కటి మారిస్తే సరి.

నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోయే ఫోర్ వీల్ జీపైతే ముందు హౌసింగ్‌కూ అదే రేషియో ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ లివర్ వేయగానే ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఇంకో వేగం అడుగుతాయి. ముందుకూ వెనక్కూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నడుమ నలుగుతుంది. "నేను ఫోర్ వీల్ ఎప్పుడేస్తానన్నా, ఆ లివర్ ఊడదీసి ఇంట్లో పెడతా" అని వెనకది ఒక్కటే మార్పించుకున్నాడు ఒక తమ్ముడు. మొదటి వానకే తోట దారిలో దిగబడి ఫోన్ చేసినాడు. లివర్ ఇంట్లోనే ఉందంట.