చేతుల్లేని కుడివాటం

జంతువుల్లో కూడా కుడివాటం, ఎడమవాటం ఉంటాయా అని ఒక పాఠకుడు అడిగారు. చిలకలు, కోతులు అంటూ మొదలుపెట్టొచ్చు గానీ, నాకు బాగా ఇష్టమైన ఉదాహరణకి అసలు చేతులే లేవు.

జపాన్ దక్షిణ కొసన, తైవాన్‌కి దగ్గర్లో ఇషిగాకి, ఇరియోమోతె అనే దీవులున్నాయి. అక్కడి తడి అడవుల్లో రాత్రిపూట తిరిగే సన్నటి పాము పారియాస్ ఇవాసాకీ. విషం లేదు, గుడ్లు పెడుతుంది, తిండి నత్తలు. విశేషమంతా దాని కింది దవడలోనే ఉంది: కుడివైపు సగటున పాతిక పళ్లు, ఎడమవైపు 18 లోపే!

ఎందుకో తెలియాలంటే ఒక నత్తగుల్ల తీసుకుని మొన పైకి, నోరు మీ వైపుకి పెట్టి చూడండి. ఆ నోరు దాదాపు ఎప్పుడూ కుడిపక్కనే ఉంటుంది. పాము వెనకనుంచి వచ్చి, తల ఎడమకి వంచి, పై దవడని గుల్ల మీద ఆనించి, కింది దవడని గుల్ల నోట్లోకి దూరుస్తుంది. పాముల కింది దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర అతుక్కుని ఉండవు కాబట్టి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తూ, గుల్ల పగలకుండానే లోపలి మెత్తటి ఒంటిని బయటికి లాగేస్తుంది.

2007లో మసాకి హోసో బృందం ఈ పాముల గురించి ప్రచురించిన పరిశోధనలో వాటికి ఎడమ మెలిక నత్తల్ని, అంటే గుల్ల నోరు ఎడమపక్కన ఉండేవాటిని కూడా ఇచ్చి చూశారు. పాము అలవాటుగా తల ఎడమకే వంచింది. కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడిగినట్టే అయింది, పట్టు జారిపోయి నత్తలు చాలావరకు బతికిపోయాయి. దక్షిణావర్త శంఖం ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని ఎగబడతారు చూడండి, పేరులో కుడి ఉన్నా అది కూడా ఇలా ఎడమకి తిరగబడిన గుల్లే. లక్ష్మి సంగతేమో గానీ, ఇక్కడ నత్తకి మాత్రం ప్రాణం దక్కుతోంది.

అయితే ఎడమ నత్తకి వేరే తంటా ఉంది. జననేంద్రియం కూడా తలకి అవతలి పక్కకి మారిపోతుంది కాబట్టి కుడి నత్తతో జతకట్టడం కష్టం. పైగా మెలికని నిర్ణయించేది ఒకే ఒక్క జన్యువు, అదీ పిల్లది కాదు, తల్లిది. అంటే ఎడమ జన్యువున్న తల్లికి పుట్టిన పిల్లలన్నీ ఒకేసారి ఎడమవైపు తిరుగుతాయి, వాటిలో అవి జతకట్టుకుంటాయి, అలా కొత్త జాతికి దారి పడుతుంది. మామూలుగా అయితే జత దొరక్క అంతరించిపోవాల్సిన వాటిని, కుడి నత్తల్ని ఏరుకుని తినే ఈ పామే నిలబెడుతోంది. నత్తల్ని తినే ఇలాంటి పాములున్న ఆగ్నేయాసియాలో ఎడమ మెలిక నత్త జాతులు ఎక్కువగా కనిపించడానికి హోసో చెప్పే కారణం ఇదే.

ఈ పాముల కుటుంబంలోనే గుల్లలేని నత్తల్ని తినేది ఒకటుంది. దాని దవడలో రెండువైపులా పళ్లు దాదాపు సమానం.