మనం ఇచ్చేది మురికా? పిల్లలకు తాత రాసిన ఉత్తరం

పిల్లలూ,

అస్సలాము అలైకుం. జకాత్ గురించి, అంటే ఉన్నవాళ్లు ఏటా తమ సంపదలోంచి బీదలకు తప్పక ఇవ్వాల్సిన దానం గురించి, మొన్న ఫోన్లో చిన్నది అడిగిన ప్రశ్నకు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. కొట్లో బేరం ఉంది, పైగా అది ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే మాట కాదు. "తాతా, జకాత్ ఇస్తే డబ్బు శుభ్రమవుతుంది అంటావు కదా, శుభ్రం చేశాక బయటికి పోయేది మురికే కదా, మరి మనం బీదవాళ్లకు మురికి ఇస్తున్నామా?" అంది. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. డెబ్బై ఏళ్లొచ్చినా నాకు తట్టని ప్రశ్న అది. అందుకే కూర్చుని రాస్తున్నా, అన్న చదివి వినిపిస్తాడు.

జకాత్ అనే అరబ్బీ మాటలో రెండు అర్థాలున్నాయి, ఒకటి శుద్ధి, రెండోది పెరుగుదల. నా చిన్నప్పుడు మసీదులో పాఠం చెప్పే హజ్రత్ ఇది చెబితే నాకు అర్థం కాలేదు, ఒకటి తీసేయడం, ఒకటి కలవడం, రెండూ ఒకే మాటలో ఎలా ఉంటాయి అనుకున్నా. తర్వాత మా నాయన దూదేకుతుంటే తెలిసింది. మనది దూదేకుల కుటుంబం, నూర్‌బాషా అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే, చేతి పని దూదితో. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి కాబట్టి మీరు చూడలేదు. పెద్ద విల్లు లాంటిది పైనుంచి వేలాడుతుంటుంది, దాని నారిని దూదిలో పెట్టి కొయ్య గుండుతో కొడితే జుయ్యిమని మోగుతూ దూది ఎగురుతుంది. నాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని గంటలు గంటలు కొట్టేవాడు. గింజ ముక్కలు, దుమ్ము, నలుసులు అన్నీ రాలిపోయేవి. పొద్దున గోనెసంచిలో కుక్కి తెచ్చిన గడ్డలు సాయంత్రానికి గది సగం నిండేంత తెల్లగా పొంగి ఉండేవి. తూకం వేస్తే మాత్రం తగ్గేది! దుమ్ము బరువు పోయింది కదా. దానం వల్ల సంపద తగ్గదు అని ప్రవక్త (స) చెప్పిన మాట విన్నప్పుడల్లా నాకు ఆ గదే కళ్ల ముందుకొస్తుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది, కానీ చిన్నదాని ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. దూదిలో దుమ్మును మనం ఊడ్చి పారేస్తాం, ఎవరికీ ఇవ్వం. మరి జకాత్?

నిజానికి ఆ అనుమానానికి ఆధారం ఉంది. ఒక హదీసులో, అంటే ప్రవక్త మాటలుగా చెప్పుకొచ్చిన వాటిలో ఒకదానిలో, ప్రవక్త (స) ఈ దానాలు జనం మురికి అనీ, తనకూ తన కుటుంబానికీ అవి తగవనీ అన్నారు. ఆయన మనవడు హసన్ (ర) చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు జకాత్‌గా వచ్చిన ఖర్జూరాల్లోంచి ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. తాత చూసి, మనం చంటిపిల్లల్ని ఛీ ఛీ ఉమ్మెయ్ అంటామే, అలా "కఖ్ కఖ్" అని ఉమ్మించారు, మనం సదఖా, అంటే దానంగా వచ్చింది, తినమని నీకు తెలియదా అన్నారు. తన చేతిలోకి వచ్చే బీదల సొమ్ములో ఒక్క ఖర్జూరం కూడా తన ఇంట్లోకి పోకూడదని ఆయన అంత గట్టిగా ఉన్నారు.

అయితే అదే ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. బరీరా (ర) అని ఒకామె, బానిసగా ఉంటే ప్రవక్త భార్య ఆయిషా (ర) విడిపించారు. ఆమెకు ఎవరో సదఖాగా మాంసం ఇచ్చారు. అది పొయ్యి మీద ఉడుకుతోంది, ప్రవక్త (స) ఇంటికి వచ్చారు. ఆయన ముందు రొట్టె, ఇంట్లో ఉన్న వేరే కూర పెట్టారు. పొయ్యి మీద కుండలో మాంసం కనబడిందే అని ఆయన అడిగితే, అది బరీరాకు సదఖాగా వచ్చింది, మీరు సదఖా తినరు కదా అన్నారు. దానికి ఆయన "ఆమెకు అది సదఖా, ఆమె నుంచి మనకు కానుక" అన్నారు.

చూశావా బంగారూ? అదే మాంసం, అదే కుండ. మురికి ఆ వస్తువులోనే ఉంటే కడిగినా, ఉడికించినా, చెయ్యి మారినా పోకూడదు కదా. బరీరా చేతిలో పడగానే అది ఆమె సొంతం, ఆమె వండి పెట్టేది విందు. అంటే మురికి ఆ వస్తువుది కాదు, అది ఎవరి దగ్గర ఉండకూడదో వాళ్ల దగ్గర ఉండటంలోనే ఉంది. ఖురాన్ 70వ సూరాలో, అంటే అధ్యాయంలో, విశ్వాసుల సంపదలో అడిగేవాడికీ లేనివాడికీ తెలిసిన హక్కు ఉంటుందని ఉంది. హక్కు అనే మాట చూడండి. తన సహచరుడు ముఆజ్ (ర)ను యెమెన్‌కు పంపుతూ ప్రవక్త (స), అక్కడి ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని అక్కడి లేనివాళ్లకు చేర్చాలని చెప్పారు, అక్కడ వాడిన అరబ్బీ మాటకు తిరిగి ఇచ్చేయడం అనే అర్థం ఉంది. పక్కింటివాళ్ల సొమ్ము మన బీరువాలో ఉండిపోతే మన బీరువా మైల పడుతుంది, వాళ్లకు ఇచ్చేస్తే వాళ్లకు అది మైల కాదు. నాకు అర్థమైనంతలో నీ ప్రశ్నకు ఇదే జవాబు.

ఇంకోటి. 9వ సూరా 103వ ఆయతులో, అంటే వాక్యంలో, వారి సంపదలోంచి దానం తీసుకుని దానితో వారిని శుభ్రపరచు అని ఉంది. వారిని అంటే మనుషులను. మనం మాటవరసకు డబ్బు శుభ్రమవుతుంది అంటాం కానీ కడగాల్సింది మనల్ని, మన పిసినారితనాన్ని. అందుకని మోసం చేసి సంపాదించి అందులో రెండున్నర శాతం తీసేస్తే మిగతాది హలాల్ అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. శుద్ధి లేని నమాజునూ, అక్రమ సొమ్ముతో చేసిన దానాన్నీ అల్లాహ్ స్వీకరించడని ఒకే హదీసులో రెండూ కలిపి ఉన్నాయి.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. మీ నాన్నకు కూడా ఇది తెలియదు. నాకు పాతికేళ్లప్పుడు నాయన కొట్టు నాకు అప్పగించిన మొదటి రంజాన్. ఆ ఏడాది జకాత్ డబ్బుగా కాకుండా పరుపులుగా ఇద్దామనుకున్నా. జనం తిరిగి ఇచ్చేసిన పాత పరుపుల దూది ఓ మూల పడి ఉంది, దాన్ని కొత్త గలీబుల్లో కుట్టించి పది పరుపులు చేశాను, లెక్కలో మాత్రం కొత్త పరుపు ధర రాసుకున్నా. పైకి చూస్తే చక్కగా పూల డిజైన్, ఎవరికీ తెలియదు. నాయన వచ్చి ఒక పరుపు మీద చెయ్యి వేసి నొక్కి, ఏమీ అనకుండా కత్తెర తీసుకుని ఓ పక్క కుట్లు విప్పాడు. లోపలి నుంచి పసుపు పట్టిన గడ్డ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. "నీకు రావాల్సిన బాకీకి ఎవరైనా ఇది ఇస్తే తీసుకుంటావా?" అన్నాడు. అంతే. తిట్టలేదు. ఆ గడ్డ చెమట వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. 2వ సూరా 267వ ఆయతులో సరిగ్గా ఇదే ఉంది, మీకు ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోని పనికిమాలిన వస్తువును దానంగా ఇవ్వడానికి ఎంచకండి అని. ఆ పది పరుపులూ విప్పించి, కొత్త దూది కొని మళ్లీ కుట్టించా. బీదవాళ్ల కోసమని చవక రకం చీరలు విడిగా కొనేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు ఆ గడ్డే గుర్తొస్తుంది.

పెద్దోడు లెక్క ఎలా వేస్తారని అడిగాడు. ఏడాది అంటే చాంద్రమానం ప్రకారం, సుమారు 354 రోజులు. ఉండే ఇల్లు, వాడుకునే బండి, పనిముట్లు లెక్కలోకి రావు. చేతిలో, బ్యాంకులో ఉన్న డబ్బు, బంగారం, వెండి, అమ్మకానికి పెట్టిన సరుకు వస్తాయి. కొట్లో సరుకు 4,00,000, డబ్బు 1,50,000 ఉండి, కట్టాల్సిన అప్పు 50,000 ఉంటే మిగిలింది 5,00,000, అందులో నలభయ్యో వంతు 12,500. ఇది తప్పనిసరి అయ్యే హద్దును నిసాబ్ అంటారు, బంగారమైతే 87.48 గ్రాములు, వెండైతే 612.36 గ్రాములు. వెండి ధర తక్కువ కాబట్టి దాంతో కొలిస్తే ఎక్కువమంది ఇవ్వాల్సి వస్తుంది, బీదలకు మేలని చాలామంది ఆలిములు, అంటే మత పండితులు, దాన్నే పట్టుకుంటారు. మీ జేజి ఒంటి మీది బంగారం కూడా మేం లెక్కేస్తాం, మనది హనఫీ పద్ధతి. కేరళలో ఎక్కువగా ఉండే షాఫయీ వాళ్లు వాడుకునే నగలకు వేయరు. దీని మీద ఎవరితోనూ గొడవ పడకండి. పంటకైతే వేరే లెక్క, వానతో పండితే పదో వంతు, తోడి పోసి పండిస్తే ఇరవయ్యో వంతు. రైతు ఒళ్లు అలిసిన మేరకు భారం తగ్గించారు, నాకు ఈ ఒక్క విషయంలోనే ఎంత దయ కనిపిస్తుందో.

ఎవరికివ్వాలన్నది 9వ సూరా 60వ ఆయతులో ఎనిమిది రకాలుగా ఉంది, అప్పుల్లో మునిగినవాళ్లూ, దారిలో చిక్కుకున్న ప్రయాణికులూ అందులో ఉన్నారు. అమ్మానాన్నలకూ బిడ్డలకూ జకాత్ ఇవ్వకూడదు, వాళ్లను చూసుకోవడం ఎలాగూ మన బాధ్యత. తోబుట్టువులు ఇబ్బందుల్లో ఉంటే ముందు వాళ్లకే. జకాత్ ముస్లిం బీదలకని ఎక్కువమంది ఆలిములు చెబుతారు కానీ మనసుకొద్దీ ఇచ్చే సదఖాకు ఆ హద్దు లేదు, మన వీధిలో ఎవరి ఇంట్లో కష్టం వచ్చినా మనం వెళ్లేది దాంతోనే. అడిగేవాడు సరే, వాడు కనిపిస్తాడు. ఒకటి రెండు ముద్దల కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు కాదు మిస్కీన్, అంటే బీదవాడు, చాలినంత లేక, ఎవరికీ తెలియనివ్వక, అడగలేక ఉండేవాడే మిస్కీన్ అని ప్రవక్త (స) అన్నారు. అలాంటివాళ్ల చేతిలో కవరు పెట్టి ఫోటో తీసుకోవడం నేను ఈమధ్య చూస్తున్నాను, నాకు కడుపు మండిపోతుంది. తన హక్కు తాను తీసుకునేవాడు తల వంచుకుని ఫోటోకు ఎందుకు నిలబడాలి? ఇచ్చి దెప్పడం వల్ల దానం రద్దయిపోతుంది, బండ మీది మట్టి వానకు కొట్టుకుపోయినట్టు అని ఖురాన్ చెప్పింది. పేరు చెప్పకుండా ఇచ్చినా, అది జకాత్ అని చెప్పకుండా ఇచ్చినా చెల్లుతుంది, మన మనసులో ఉంటే చాలు.

చిన్నదానికి చివరగా ఫిత్రా సంగతి. అది రంజాన్ పండుగ నమాజుకు ముందే, ఇంట్లో పసిబిడ్డతో సహా తలకింత చొప్పున ఇస్తారు. ఉపవాసంలో మనం ఆడిన పనికిమాలిన మాటల నుంచి శుద్ధి, బీదలకు తిండి, రెండూ అదేనని ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ (ర) చెప్పారు. దాని కొలత సా, అంటే నాలుగు దోసిళ్ల ఖర్జూరమో బార్లీయో. ప్రవక్త (స) ఒక్క దోసిలి కొలత నీళ్లతో వుజూ చేసేవారు, అంటే నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కునేవారు, సా కొలత నీళ్లతో స్నానం చేసేవారు. ఒళ్లు కడగడానికీ, ఉపవాసాన్ని కడగడానికీ ఒకే కొలత.

రంజాన్‌కు మీరు వస్తారు కదా. సరుకు లెక్క పెద్దోడు నోట్‌బుక్‌లో రాయాలి, గలీబులు విప్పి దూది చూడటం కూడా వాడి పనే. మెయిన్ రోడ్డు మీది షాపు నుంచి ఇంటికి ఖర్జూరం తెప్పించి పెడతాను, చిన్నది ఫిత్రా కొలుస్తుంది. దాని దోసిలి చిన్నది కాబట్టి నా చేతులు కింద పెడతాను, అది పోయాలి.

మీ తాత,
ప్రొద్దుటూరు