ఎదురు బండి కోసం: గుంటూరు - గుంతకల్లు లైను వెనక కథ

మార్కాపురం రోడ్డు స్టేషన్ దాటాక కొంత దూరంలో, పట్టాల పక్కన ఒక వేపచెట్టు ఉంది. ఊరికి వెళ్లినప్పుడల్లా పొద్దున్నే ఆ చెట్టు కింద నిలబడి వచ్చే పోయే బండ్లు చూడడం నాకు పాతికేళ్ల అలవాటు. ఏ ఇంజన్ వచ్చింది, ఎన్ని బోగీలు, ఎంత ఆలస్యం అన్నీ చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటాను. వెనక్కి తిరగేస్తే ఆ పుస్తకాల్లో ఎక్కువసార్లు కనిపించే మాట ఒక్కటే: "క్రాసింగ్ కోసం ఆగింది."

ఈ లైనులో ప్రయాణించిన ప్రతివాళ్లకూ ఈ అనుభవం ఉంటుంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సో, కొండవీడు ఎక్స్‌ప్రెస్సో ఏదో చిన్న స్టేషన్‌లో ఆగిపోతుంది. ఎక్కేవాళ్లు ఉండరు, దిగేవాళ్లు ఉండరు. చుట్టూ కంది చేలు, దూరంగా కొండలు. పది నిమిషాలు, పావుగంట, ఒక్కోసారి అరగంట. చివరికి ఎదురుగా ఓ గూడ్సు మెల్లగా వచ్చి పక్క లైనులోకి మళ్లుతుంది. అప్పుడు గానీ మన బండికి పచ్చ సిగ్నల్ పడదు.

ఒకే పట్టా ఉన్న దారిలో రెండు స్టేషన్ల మధ్య మామూలుగా ఒక్క బండే ఉండాలి. పది కిలోమీటర్ల దూరాన్ని గంటకు అరవై చొప్పున దాటడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఎదురు బండి కదలడానికి లేదు. పైగా ఒక బండి ఆలస్యమైతే అది ఎదురొచ్చే బండికి అంటుకుంటుంది, దాన్నుంచి ఇంకో బండికి. గుంటూరులో మొదలైన ఇరవై నిమిషాల ఆలస్యం నంద్యాల చేరేసరికి గంట దాటడం నేను ఎన్నోసార్లు రాసుకున్నాను. తప్పు డ్రైవరుదీ కాదు, స్టేషన్ మాస్టరుదీ కాదు. ఈ లైను పుట్టుకలోనే ఉంది అసలు సంగతి.

1876-78 నాటి ధాత కరువు గురించి మా పెద్దవాళ్లు వాళ్ల పెద్దల దగ్గర విన్న కథలు చెప్పేవాళ్లు. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను ఊడ్చేసిన కరువు అది. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు వెళ్లే బ్రాడ్ గేజ్ లైను, అంటే పట్టాల మధ్య దూరం ఎక్కువ ఉండే లైను, 1871 నాటికే ఉంది. ధాన్యం రైల్లో వచ్చేది. రైలు దిగాక ఊళ్లకు చేర్చాలంటే ఎడ్లబండ్లే గతి, మేత, నీళ్లు లేక ఆ ఎడ్లే పడిపోయేవి. పట్టాలకు దూరంగా ఉన్న తాలూకాల్లో జనం నిస్సహాయంగా చనిపోయారు. ఇంకోవైపు కృష్ణా డెల్టాలో 1855లో ఆనకట్ట వచ్చాక వరి పండుతూనే ఉంది. తిండి ఉన్న చోటికీ ఆకలి ఉన్న చోటికీ మధ్య నల్లమల కొండలు, దారి లేని మెట్ట నేలలు.

1880లో కరువు కమిషన్ ఇచ్చిన నివేదిక దేశంలో కరువును అడ్డుకోవడానికి 5,000 మైళ్ల రైలు మార్గం వెంటనే కావాలని చెప్పింది. అలా పుట్టిన లైన్లలో మనదీ ఒకటి. దానికి మొదట పెట్టిన పేరు బళ్లారి - కిష్ణా స్టేట్ రైల్వే. కరువు సీమ పేరు ఒక చివర, నీళ్లున్న నది పేరు ఇంకో చివర. ఇంత సూటిగా తన పని చెప్పుకున్న రైలు మార్గం పేరు నాకు ఇంకొకటి తెలియదు.

ఆ లైనును 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపింది. కరువు లైను కాబట్టి లాభాలు వస్తాయన్న ఆశ లేదు, తక్కువ ఖర్చులో అయిపోవాలి. అందుకే మీటర్ గేజ్: పట్టాల మధ్య ఒకే ఒక్క మీటరు, తేలిక పట్టాలు, కొండ ఎటు తిరిగితే అటు తిరిగే మలుపులు. 1890 నాటికి బెజవాడ వైపు నుంచి గుంతకల్లు, హుబ్లీ మీదుగా గోవాలోని మార్మగోవా రేవు దాకా మీటర్ గేజ్ దారి ఏర్పడింది. గుంతకల్లులో మాత్రం మద్రాసు బ్రాడ్ గేజ్ కలిసేది. అక్కడ ఒక వ్యాగన్‌లోని బస్తాలు దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాల్సిందే. ఈ పని వందేళ్లు సాగింది.

నల్లమలలో మాత్రం వాళ్లు పడిన కష్టం మామూలుది కాదు. గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చేసరికి అడవి మొదలవుతుంది. బొగద, చలమ, గాజులపల్లె దాకా కొండలే. ఆ మధ్యలో లోయ మీద కట్టిన దొరబావి వంతెన ఆ రోజుల్లో పెద్ద వింత. ఎత్తుగా ఉన్న రాతి దిమ్మెల మీద ఇనుప గర్డర్లు, వాటి మీద బొమ్మరైలు లాంటి మీటర్ గేజ్ బండి. చిన్నప్పుడు తాతయ్యతో నంద్యాల వెళ్తుంటే ఆ వంతెన రాగానే పెట్టెలో అందరూ మాటలు ఆపేసేవాళ్లు. కిటికీలోంచి కిందికి చూస్తే చెట్ల తలలు కనిపించేవి.

ఆ రోజుల్లోనే కంభం స్టేషన్‌లో చూసిన ఇంకో దృశ్యం కళ్ల ముందే ఉంది. బండి ఆగకుండా వెళ్తోంది. ప్లాట్‌ఫారం చివర పాయింట్స్‌మన్ ఒక పెద్ద బెత్తపు రింగు పైకెత్తి పట్టుకున్నాడు. ఇంజన్‌లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఆ రింగులోకి దూరి, మోచేతితో లాగేసుకుంది. రింగుకు కట్టిన తోలు సంచిలో ఇనుప బంతి ఉంటుందని తర్వాత తెలిసింది. దాన్ని టోకెన్ అంటారు. ఆ బంతి చేతిలో ఉంటేనే ముందు స్టేషన్ దాకా లైను తనది. ఇక్కడి యంత్రంలోంచి ఒక బంతి బయటికొచ్చాక, అది అక్కడి యంత్రంలో పడేదాకా ఇంకోటి రాదు. ఒకే పట్టా మీద రెండు బండ్లు ఎదురెదురు పడకుండా అన్నేళ్లు కాపాడింది ఆ ఇనుప బంతే.

1992లో దేశమంతా ఒకే గేజ్ ఉండాలన్న యూనిగేజ్ పథకం మొదలైంది. 1990ల మధ్యలో మన లైను వంతు వచ్చింది. ముక్కలు ముక్కలుగా మీటర్ గేజ్ మూసేసి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ వేశారు. నల్లమలలో దారే మార్చి, బొగద దగ్గర పొడవైన సొరంగం తవ్వారు. దొరబావి వంతెనతో ఇక పని లేకుండా పోయింది. మీటర్ గేజ్ లోకో షెడ్డుతో, రైల్వే కాలనీతో కళకళలాడిన దొనకొండ కూడా ఆ మార్పుతోనే వెలవెలబోయింది. ఖాళీ క్వార్టర్ల మధ్య నడిచినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

గేజ్ మారింది, బండ్లు పెరిగాయి, పట్టా మాత్రం ఒక్కటే. నా దృష్టిలో అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. గోవా నుంచి హౌరా వెళ్లే అమరావతి, బెంగళూరు బండ్లు, సిమెంటు, బొగ్గు గూడ్సులు అన్నీ ఈ దారి పట్టాయి. కరువు రోజుల్లో ధాన్యం బస్తాల కోసం వేసిన ఒంటి దారి మీదే ఇంత బరువూ పెట్టాం. రెండో లైను గురించి ఆ రోజే గట్టిగా ఆలోచించి ఉంటే ఇరవై ఏళ్లు కలిసొచ్చేవి.

చివరికి 2016-17లో గుంటూరు - గుంతకల్లు డబ్లింగ్, అంటే రెండో లైను వేసే పని, విద్యుదీకరణతో సహా మంజూరైంది. దూరం 401 కిలోమీటర్లు, అంచనా 3,631 కోట్లు. ఖర్చు రైల్వే శాఖ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సగం సగం పెట్టుకోవాలన్నది ఒప్పందం. అప్పట్నుంచి నా వేపచెట్టు ముందు సీనంతా మారిపోయింది. ముందు పాత కట్ట పక్కన కొత్త మట్టి కట్ట లేచింది. రోలర్లు తిరిగిన చోట ఎర్రమట్టి రోడ్డులా గట్టిపడింది. ఆ పైన కంకర, పట్టాల కింద అడ్డంగా పరిచే కాంక్రీటు స్లీపర్లు, ఆ తర్వాత 260 మీటర్ల పొడవున అతికించి తెచ్చిన పట్టాలు. పాత పట్టాలు 13 మీటర్లకొక అతుకు, అందుకే ఆ టకటక శబ్దం. ఇప్పుడు అంత దూరం ఒకటే ముక్క. మీటరుకు 60 కిలోల బరువు.

టాంపింగ్ మెషిన్ పనిచేస్తుంటే గంటలకొద్దీ చూస్తూ ఉండిపోతాను. పసుపు రంగు పొడుగాటి బండి. ఒక స్లీపర్ దగ్గర ఆగుతుంది, పట్టాను పట్టుకుని పైకెత్తుతుంది. పైనుంచి ఇనుప వేళ్లు కంకరలోకి దిగి, వణుకుతూ, రెండు వైపుల నుంచి రాళ్లను స్లీపర్ కిందికి నెట్టి బిగిస్తాయి. వదిలి ముందుకు జరుగుతుంది. మళ్లీ అదే. కాలి కింద నేల అదురుతుంది, కంకర దుమ్ము నోట్లోకి వస్తుంది. ఒకప్పుడు గ్యాంగ్‌మెన్ ఇదే పనిని వరసగా నిలబడి, పాట పాడుకుంటూ గునపాలతో చేసేవాళ్లు.

పనులయ్యాక కూడా బండి వెంటనే నడవదు. పౌర విమానయాన శాఖ కింద పనిచేసే రైల్వే సేఫ్టీ కమిషనర్ వచ్చి, ట్రాలీ మీద అంగుళం అంగుళం చూసి, స్పీడ్ ట్రయల్ నడిపించి, సరేనంటేనే ప్రయాణికులను ఎక్కిస్తారు. రైల్వేను రైల్వేవాళ్లే పాస్ చేసుకోకూడదని పెట్టిన ఏర్పాటు అది. కొత్త లైనును స్టేషన్‌లో కలపడానికి ముందు నాన్ ఇంటర్‌లాకింగ్ పనులంటూ బండ్లు రద్దు చేస్తారు. ఆ రోజుల్లో ఊరంతా విసుక్కుంటుంది. మా బాబాయి ఫోన్ చేసి "మళ్లీ క్యాన్సిలట, ఏం పన్లురా ఇవి?" అని అడిగితే, స్టేషన్‌లో సిగ్నళ్లూ పాయింట్లూ అన్నీ కొత్తగా ముడివేస్తున్నారు బాబాయ్, అది ముడిపడేదాకా చేత్తో నడపాలి, అందుకే బండ్లు తగ్గించారు అని ఓపిగ్గా చెప్తాను.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అదే చెట్టు కింద నిలబడ్డాను. గుంటూరు వైపు నుంచి ఎక్స్‌ప్రెస్, నంద్యాల వైపు నుంచి గూడ్సు. రెండూ నా ఎదురుగానే ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. ఏదీ వేగం తగ్గించలేదు. పుస్తకంలో టైము రాసి, పక్కన ఏం రాయాలో తోచక అలాగే వదిలేశాను.

అవి వెళ్లాక దుమ్ములోంచి, రోజూ పట్టాల వెంట నడిచి చూసే కీమన్ వచ్చాడు. భుజాన సుత్తి, పొడుగాటి స్పానర్, చంకలో ఎర్ర జెండా, పచ్చ జెండా. ఊడిన క్లిప్పును రెండు దెబ్బల్లో బిగించాడు. "ఇదివరకు పోయిన దారినే తిరిగొచ్చేవాణ్ణి సార్. ఇప్పుడు పొయ్యేటప్పుడు ఈ లైను, వచ్చేటప్పుడు ఆ లైను" అన్నాడు. రెండు పట్టాలూ ఒకసారి చూసి, కొత్త లైను మీదికి దాటి, ఎండలో నడుచుకుంటూ తర్లుపాడు వైపు వెళ్లిపోయాడు.