రిపోర్టుకు ఎంత గతం కావాలి?

ఒక సంస్థ అమ్మకాల టేబుల్‌లో రోజుకు లక్ష వరుసలు చేరుతున్నాయనుకుందాం. ఐదేళ్లకు అవి 18 కోట్లు దాటిపోతాయి. ఆ టేబుల్ మీద ఆధారపడిన రిపోర్టు రోజూ తెల్లవారుజామున రిఫ్రెష్ అవుతుంది. మామూలు పద్ధతిలో రిఫ్రెష్ అంటే ఆ 18 కోట్ల వరుసలూ మూల డేటాబేస్ నుంచి మళ్లీ రావాల్సిందే. నిన్న కొత్తగా పుట్టింది లక్ష మాత్రమే. మిగతావన్నీ నిన్నా తెచ్చినవే, మొన్నా తెచ్చినవే. పైగా కొత్త కాపీ పూర్తిగా సిద్ధమయ్యేదాకా పాత కాపీని తీసేయరు కాబట్టి, ఆ కాసేపు మెమరీ దాదాపు రెట్టింపు కావాలి. రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ ఆన్‌లైన్ సర్వీసులో, చాలామంది పంచుకునే మామూలు సర్వర్ల (షేర్డ్ కెపాసిటీ) మీద ఒక రిఫ్రెష్‌కు 2 గంటలే గడువు, ప్రీమియంలో అయితే 5 గంటలు. డేటా ఇలాగే పెరుగుతూ ఉంటే ఏదో ఒక రోజు ఆ గడువు చాలదు. పొద్దున్నే రిపోర్టు తెరిచినవాళ్లకు నిన్న చూసిన పాత అంకెలే కనిపిస్తాయి, ఇక అందరికీ టెన్షన్.

దీనికి విరుగుడే ఇంక్రిమెంటల్ రిఫ్రెష్. టేబుల్‌ను తేదీల ప్రకారం ముక్కలు చేస్తారు. వీటిని పార్టిషన్లు అంటారు. మనం రెండు విషయాలు చెబితే చాలు: ఎంతకాలపు డేటా ఉంచుకోవాలి, అందులో ఎంతకాలానిది ప్రతిసారీ మళ్లీ తెచ్చుకోవాలి. ఐదేళ్లు ఉంచి, చివరి పది రోజులు మాత్రం మళ్లీ తెమ్మన్నామనుకోండి. మొదటి రిఫ్రెష్‌లో ఐదేళ్ల డేటా అంతా వస్తుంది, దానికి చాలాసేపు పడుతుంది. ఆ తర్వాత నుంచి రోజుకు పది లక్షల పైచిలుకు వరుసలు వస్తే సరిపోతుంది. అంటే మొత్తంలో నూటికి ఒక వంతు కూడా కాదు. రోజులు గడిచేకొద్దీ రోజువారీ ముక్కలు నెల ముక్కలో, నెలలు త్రైమాసికంలో, అవి సంవత్సరంలో కలిసిపోతుంటాయి. గడువు దాటిన పాత ముక్క దానంతటదే తొలగిపోతుంది.

పవర్ బీఐలో ఈ ముక్కల హద్దులను రేంజ్‌స్టార్ట్, రేంజ్‌ఎండ్ అనే రెండు పారామీటర్లు (విలువ నింపుకునే పేర్లు) చెబుతాయి. వాటికి ఈ పేర్లే పెట్టాలి, వేరే పేర్లు పనికిరావు. ఫిల్టర్ రాసేటప్పుడు ఒక పక్క మాత్రమే 'సమానం' గుర్తు ఉండాలి: తేదీ రేంజ్‌స్టార్ట్‌కు సమానం లేదా ఎక్కువ, రేంజ్‌ఎండ్ కంటే తక్కువ. రెండు పక్కలా సమానం పెడితే, సరిగ్గా అర్ధరాత్రి 12 గంటలకు నమోదైన వరుస రెండు ముక్కల్లోనూ దూరుతుంది. గంట, నిమిషం లేకుండా తేదీ మాత్రమే నమోదయ్యే టేబుళ్లలో ప్రతి వరుస సమయమూ అర్ధరాత్రే కదా. అక్కడ ఆ చిన్న గుర్తు హద్దు మీద పడ్డ రోజు అమ్మకాలన్నిటినీ రెట్టింపు చేసి చూపిస్తుంది.

ఆ ఫిల్టర్ మూల డేటాబేస్ దగ్గరే పనిచేయాలి. దీన్ని క్వెరీ ఫోల్డింగ్ అంటారు. తేదీ షరతు డేటాబేస్‌కు అర్థమయ్యే ప్రశ్నగా మారి అక్కడికి వెళితే, అడిగిన ముక్కే వస్తుంది. అలా మారకపోతే ఒక్కో ముక్క కోసం మొత్తం డేటా వచ్చి, ఇక్కడికి వచ్చాక వడపోత జరుగుతుంది. అంటే పని తగ్గకపోగా ఎన్ని ముక్కలుంటే అన్ని రెట్లు పెరుగుతుంది.

ఇక అసలు చిక్కు ఏ తేదీ ప్రకారం ముక్కలు చేయాలన్న దగ్గర వస్తుంది. చాలామందికి 'చివరగా మార్చిన తేదీ' కాలమ్ సరైనదనిపిస్తుంది. మారినవి మాత్రమే తెచ్చుకోవచ్చు కదా అని ఆశ. ఒక ఆర్డర్ మార్చి 3న నమోదై మార్చి ముక్కలో చేరింది. ఏప్రిల్ 20న దాని ధర సవరించారు. ఇప్పుడు ఆ వరుస కొత్త తేదీతో ఏప్రిల్ ముక్కలోకి వస్తుంది. మార్చి ముక్కను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి పాత కాపీ అక్కడే ఉంటుంది. ఒకే ఆర్డర్ రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. ఎక్కడా ఎర్రర్ కనిపించకపోవచ్చు, మొత్తం మాత్రం పెరుగుతుంది. అందుకే ముక్కలకు ఆధారంగా, ఆ వరుస ఉన్నంతకాలం మారని తేదీనే ఎంచుకోవాలి: ఆర్డర్ నమోదైన తేదీ, బిల్లు పుట్టిన తేదీ లాంటివి.

అప్పుడు ఇంకో ప్రశ్న లేస్తుంది. ఏప్రిల్ 20న జరిగిన సవరణ, పది రోజుల కిటికీ (ప్రతిసారీ మళ్లీ తెచ్చుకునే కాలం) ఉన్న రిపోర్టులోకి ఎలా వస్తుంది? రాదు. మార్చి 3 ఆ కిటికీ అవతల ఉంది. కాబట్టి పది రోజులా, అరవై రోజులా అన్నది కంప్యూటర్ నిపుణులు ఒక్కరే తేల్చే లెక్క కాదని నేను గట్టిగా నమ్ముతాను. సరుకు వాపసుకు 30 రోజుల గడువు ఇచ్చే వ్యాపారంలో అంతకంటే చిన్న కిటికీ పెట్టడం తప్పు. నెల లెక్కలు మూసేదాకా పద్దులు మారుతూ ఉండే చోట ఆ మూసే తేదీయే కొలమానం. ఊహించనక్కర్లేదు కూడా. మూల టేబుల్‌లో ప్రతి వరుసకూ నమోదు తేదీకీ చివరి మార్పుకూ మధ్య ఎన్ని రోజులున్నాయో చూస్తే, మన డేటాలో గతం ఎన్నాళ్లకు స్థిరపడుతోందో అంకెల్లోనే తెలుస్తుంది.

కిటికీ పెద్దదైతే భారం పెరుగుతుందన్న భయానికి డేటా మార్పులను గుర్తించే సదుపాయం ఉంది. 'చివరగా మార్చిన తేదీ' కాలమ్‌కు సరైన చోటు ఇదే. కిటికీలోని ఒక్కో ముక్కలో ఆ కాలమ్ గరిష్ఠ విలువను చూసి, అది కిందటిసారి ఉన్నట్టే ఉంటే ఆ ముక్కను వదిలేస్తుంది. అరవై రోజుల కిటికీలో నిజంగా మారిన కొన్ని రోజులే మళ్లీ వస్తాయి. ఒక్క లోపం ఉంది: మూలంలో వరుసను పూర్తిగా తొలగిస్తే ఆ గరిష్ఠ విలువ సాధారణంగా మారదు, తొలగించిన ఆర్డర్ రిపోర్టులో బతికే ఉంటుంది. తొలగించే బదులు 'రద్దయింది' అని గుర్తు పెట్టే అలవాటు ఉన్న డేటాబేస్‌లకు ఈ బాధ లేదు.

పాత డేటాను వదిలేయడం గురించీ ఆలోచించాలి. ఒక కస్టమర్ మొదటి కొనుగోలు తేదీని అమ్మకాల టేబుల్ నుంచే లెక్కిస్తున్నారనుకోండి. ఆరేళ్ల క్రితం కొని, మళ్లీ ఈ వారమే వచ్చిన వ్యక్తి ఐదేళ్ల రిపోర్టులో కొత్త కస్టమర్‌గా కనిపిస్తాడు. మొదటి రోజు నుంచి కూడుకుంటూ వచ్చే స్టాకు నిల్వలూ, ఖాతా నిల్వలూ ఇలాగే తప్పుతాయి. మొదటి కొనుగోలు తేదీని కస్టమర్ల టేబుల్‌లో విడిగా ఉంచాలి. నిల్వలకు ప్రారంభ నిల్వ ఒకటి రాసి పెట్టుకోవాలి. పాత అమ్మకాలను నెలవారీ మొత్తాలుగా చిన్న టేబుల్‌లో దాచుకోవచ్చు. అయితే ఎంతమంది వేర్వేరు కస్టమర్లు కొన్నారన్న సంఖ్యలను నెలనెలా కూడితే సరైన జవాబు రాదు, ఒకే మనిషి చాలా నెలల్లో ఉంటాడు కాబట్టి.

సర్వీసులో ముక్కలు ఏర్పడ్డాక ఆ రిపోర్టు ఫైలును మళ్లీ మన కంప్యూటర్‌లోకి దించుకోలేం, కాబట్టి అసలు ఫైలును భద్రంగా ఉంచుకోవాలి. రిపోర్టు తయారుచేసే పవర్ బీఐ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ నుంచి దాన్ని మళ్లీ పబ్లిష్ చేస్తే (సర్వీసుకు పంపితే) ముక్కలన్నీ పోయి, ఐదేళ్ల డేటా మొదటి నుంచి రావాల్సి ఉంటుంది. ప్రీమియం ఉన్నవాళ్లు ఎక్స్‌ఎంఎల్ఏ ఎండ్‌పాయింట్ (బయటి ప్రోగ్రాములు సర్వీసులోని డేటాను నేరుగా చేరే ద్వారం) ద్వారా, రెండు వెర్షన్లను పోల్చి తేడాలను పంపే ఏఎల్‌ఎం టూల్‌కిట్ లాంటి పనిముట్టుతో ఫార్ములాల మార్పులను మాత్రమే పంపవచ్చు. ఆడిట్‌లో రెండేళ్ల కిందటి లెక్క సవరించినా అదే దారిలో వెళ్లి, ఆ సంవత్సరపు ముక్కను ఒక్కదాన్నే రిఫ్రెష్ చేసుకోవచ్చు.