షూటింగ్ అయిపోయాక ఫిర్యాదు ఎవరికి?

2020 జనవరిలో తిరుపతిలోని టీటీడీ భక్తి ఛానల్ ఎస్వీబీసీ ఛైర్మన్ పదవికి ఒక సినీ నటుడు రాజీనామా చేశారు. మహిళా ఉద్యోగితో ఆయన అసభ్యంగా మాట్లాడినట్టు చెబుతున్న ఆడియో బయటికి రావడమే కారణం. ఆ గొంతు తనది కాదన్నారాయన. నిజానిజాలు అలా ఉంచితే, అప్పట్లో మాటలన్నీ కొండ పవిత్రత చుట్టూ తిరిగాయి గానీ ఆ ఉద్యోగి మాటేమిటన్నది వెనక్కిపోయింది.

వేదికెక్కే ఆడదాన్ని చులకనగా చూడడం టీవీతో మొదలవలేదు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లకు ఆడే భారతంలో తరతరాలుగా ద్రౌపది వేషం కట్టింది మగవాళ్లే. తర్వాత నాటకాల్లోకి, సినిమాల్లోకి వచ్చిన ఆడవాళ్లకు ‘మర్యాదస్తుల ఇంటి పిల్ల కాదు’ అన్న ముద్ర పడింది. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు మారినా ఆ ముద్ర చెరగలేదు, పైగా అవకాశానికి షరతయి కూర్చుంది. వేషం కావాలంటే పడకకు ఒప్పుకోవాలన్న ఆ షరతుకు ఇప్పుడు ‘కమిట్‌మెంట్’ అని పేరు. అడిగేవాడు డైరెక్టరే అయి ఉండాలనేం లేదు, వేషం ఇప్పిస్తానన్న కో-ఆర్డినేటరైనా చాలు.

చట్టం వైపు చూస్తే, రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్తపై 1992లో జరిగిన అత్యాచారం నుంచి పనిచేసేచోట లైంగిక వేధింపులను అడ్డుకునేందుకు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ‘విశాఖ’ మార్గదర్శకాలు పుట్టాయి. అవి చట్టమయ్యేసరికి 2013 వచ్చింది. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. రోజుకూలీ, ఏజెంటు ద్వారా వచ్చినవాళ్లు, చివరికి యజమాని పెట్టిన బండిలో ప్రయాణం కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. అంటే జూనియర్ ఆర్టిస్టుకూ అందులో చోటుంది. కానీ నోటిమాట మీద పని, పేకప్ చెప్పాక చెదిరిపోయే యూనిట్. ఎవరి దగ్గర పనిచేశానో చూపించడమే ఆమెకు పెద్ద పని.

2018లో హైదరాబాదు ఫిల్మ్ ఛాంబర్ ముందు ఒక నటి నిరసనకు దిగాకే తెలుగు పరిశ్రమలో కదలిక వచ్చింది. సినీరంగంలో లైంగిక వేధింపులపై 2019లో తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ నివేదిక బయటికి రాలేదని 2024 ఆగస్టులో సమంత అడగాల్సి వచ్చింది. మలయాళ సినిమాలో మహిళల పరిస్థితిపై కేరళ వేసిన హేమ కమిటీ నివేదికకూ దాదాపు అదే గతి: 2019 చివర్లో చేతికందింది, 2024 ఆగస్టు 19న బయటపెట్టారు. నివేదికలు దాచిపెట్టడంలో మాత్రం రాష్ట్రాల మధ్య తేడా లేదు.

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివే అమ్మాయి రేపు నలుగురైదుగురుండే లోకల్ ఛానల్లో యాంకరుగా చేరితే, అక్కడ అంతర్గత కమిటీ ఉండాలన్న నియమం లేదు. అలాంటిచోటా, యజమాని మీదే ఫిర్యాదైనా, వెళ్లాల్సింది జిల్లా స్థానిక కమిటీకి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి అందుకు చిత్తూరు దాకా పోనక్కర్లేదు. ఫిర్యాదు రాతపూర్వకంగా, జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు గడువివ్వొచ్చు.