సర్పంచ్, ఉపసర్పంచ్, ఒక చెక్కు: పంచాయతీ శిక్షణల వెనుక కథ

తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఉదయం ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటి నుంచి లెక్కింపు, ఫలితం తేలగానే గెలిచిన వార్డు సభ్యులు తమలోంచి ఉపసర్పంచ్‌ను ఎన్నుకోవడం. సర్పంచ్‌కు గులాబీ బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్ల బ్యాలెట్. రెండూ వేరు కాబట్టి, సర్పంచ్ ఒక ప్యానెల్‌ నుంచి గెలిచి, వార్డుల్లో మెజారిటీ ఎదుటి ప్యానెల్‌కు వచ్చిన ఊళ్లు ప్రతిసారీ కొన్ని ఉంటాయి. అలాంటి చోట ఉపసర్పంచ్ పదవి ఎదుటివాళ్లకే పోతుంది. నెల రోజులు మొహాలు చూసుకోకుండా తిరిగినవాళ్లు ఐదేళ్లు పక్కపక్కన కూర్చోవాలి. కొత్తగా గెలిచినవాళ్లకు ఇచ్చే శిక్షణలో ఈ సంగతికి మొదటి నుంచీ చోటు తక్కువే.

దానికి కారణం శిక్షణ మొదలైన తీరులో ఉంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం వచ్చినప్పుడు తర్ఫీదు ఇచ్చింది ముందుగా ఉద్యోగులకు, గ్రామసేవకులకు. ఎరువులు, విత్తనాలు, మరుగుదొడ్లు, బావులు ఇవీ పాఠాలు. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో గ్రామం, సమితి, జిల్లా అనే మూడంచెల పంచాయతీ వ్యవస్థను సూచించింది. 1959 అక్టోబరులో రాజస్థాన్‌లోని నాగౌర్ తర్వాత మన షాద్‌నగర్‌లోనే నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అప్పుడు ఎన్నికైన ప్రతినిధులకూ అవే శిక్షణ కేంద్రాలు, దాదాపు అవే పాఠాలు దక్కాయి. మస్సోరీలో 1958లో పుట్టిన కేంద్ర అధ్యయన సంస్థ 1960లలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌కు వచ్చింది. 1977లో దానికి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అన్న పేరు పెట్టారు. సర్పంచ్‌ను గ్రామాభివృద్ధి కార్యకర్తగా చూసే అలవాటు ఆ కాలంలో పడిందే. ఊళ్లో వర్గాలుంటాయనీ, మీటింగులో అరుపులు ఉంటాయనీ అందరికీ తెలుసు. సిలబస్‌లో మాత్రం ఆ మాట ఉండేది కాదు.

పైగా అప్పట్లో వార్డు సభ్యులే తమలోంచి సర్పంచ్‌ను ఎన్నుకునేవారు. మెజారిటీ లేనివాడు సర్పంచ్ అయ్యే వీలే లేదు. ప్రత్యక్ష ఎన్నిక వచ్చాక పరిస్థితి మారింది. సర్పంచ్‌కు ఊరంతా ఓటేసింది కాబట్టి సభ్యులు అవిశ్వాసం పెట్టి దించలేరు. వాళ్ల చేతిలో మిగిలింది తీర్మానాన్ని ఒప్పుకోకపోవడం, మీటింగుకు రాకుండా కోరం లేకుండా చేయడం. దాన్ని మొండితనం అని తేల్చేస్తారు గానీ, వేరే దారి లేనివాడి పని అది.

1993 ఏప్రిల్ 24న పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, మరుసటి ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చాయి. 1995 ఎన్నికలతో మూడో వంతు స్థానాల్లో మహిళలు గెలిచారు. 20 వేలకు పైగా పంచాయతీలు, ఒక్కోదాంట్లో 5 నుంచి 21 మంది సభ్యులు. ఇంతమందికి ఒకచోట చెప్పడం కుదరదు. అందుకే రాష్ట్రస్థాయిలో మాస్టర్ ట్రైనర్లను తయారుచేసి, వాళ్ల ద్వారా కిందికి పంపే పద్ధతి స్థిరపడింది. సర్పంచ్‌లకు ఒక బ్యాచ్, వార్డు సభ్యులకు వేరే బ్యాచ్. ఒకే పంచాయతీవాళ్లు ఒకే గదిలో కూర్చుని తమ సొంత ఎజెండా మీద సాధన చేసే అవకాశం ఈ ఏర్పాటులోనే పోయింది. ఇక మహిళా సభ్యుల బదులు భర్తలు వచ్చి శిక్షణ హాల్లో ముందు వరుసలో కూర్చోవడం అందరికీ తెలిసిన కథే. కుర్చీలో కూర్చున్న మనిషే మారిపోతే తోటి సభ్యులతో పని చేయడం ఎవరు నేర్చుకుంటారు?

అసలు చిక్కు 2018లో వచ్చింది. తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం చెక్‌పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్, ఉపసర్పంచ్‌లకు కలిపి ఇచ్చింది. అంతకుముందు సర్పంచ్‌తో పాటు పంచాయతీ కార్యదర్శి సంతకం ఉండేది. 2019లో ఇది అమల్లోకి రాగానే సర్పంచ్‌లు రోడ్డెక్కారు. ప్రభుత్వం చెప్పిన కారణంలో న్యాయం ఉంది: డబ్బు మీద ఇంకో ఎన్నికైన మనిషి కన్ను ఉండాలి. కానీ ఎదుటి ప్యానెల్ ఉపసర్పంచ్ సంతకం ఆపితే ట్రాక్టర్ డీజిల్ బిల్లు, పారిశుధ్య కార్మికుల జీతం కూడా ఆగుతాయి. అటువైపు చూస్తే, అడగ్గానే సంతకం పెట్టే ఉపసర్పంచ్ ఉంటే ఆ రెండో సంతకం వల్ల ప్రయోజనమే లేదు. ఏ బిల్లును ప్రశ్నించాలి, ఏ కాగితం చూపించమనాలి, అభ్యంతరాన్ని తీర్మానాల పుస్తకంలో ఎలా రాయించాలి అన్నవి ఇద్దరికీ కలిపి చెప్పాల్సిన పాఠాలు. నన్నడిగితే సెక్షన్ల నంబర్ల కన్నా ముందు ఇది చెప్పాలి.

కేరళ ఈ ముడిని వేరేలా విప్పుకుంది. అక్కడ పంచాయతీ అధ్యక్షుణ్ని సభ్యులే ఎన్నుకుంటారు. అధ్యక్షుడు తప్ప ప్రతి సభ్యుడూ ఏదో ఒక స్థాయీసంఘంలో (స్టాండింగ్ కమిటీలో) ఉండాలి, ఆర్థిక సంఘానికి ఉపాధ్యక్షుడే చైర్మన్. అంటే ప్రతిపక్ష సభ్యుడికీ చేతిలో ఒక పని ఉంటుంది. త్రిస్సూర్ దగ్గర 1990లో పెట్టిన ‘కిలా’ సంస్థ స్థానిక ప్రతినిధుల శిక్షణకే ప్రత్యేకం. 1996లో ప్రజా ప్రణాళిక మొదలయ్యాక దాని పని బాగా పెరిగింది. తెలంగాణలోనూ 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం కోసం ఊరికి నాలుగు స్టాండింగ్ కమిటీలు వేశారు. కానీ అవి పారిశుధ్యం, వీధి దీపాల లాంటి పనుల కోసం ఊరివాళ్లతో వేసినవి. వార్డు సభ్యుడికి పాలనలో వాటా ఇచ్చే కమిటీలు కావు.

ఇంకో విషయం పెద్దగా ఎవరూ మాట్లాడరు. మన పంచాయతీల మధ్యలో ఖాళీలు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా, తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారుల పాలనే. పాత పాలకవర్గం కొత్తవాళ్లకు అప్పజెప్పడం అంటూ ఉండదు. రిజర్వేషన్లు మారడంతో చాలామంది మొదటిసారి గెలిచినవాళ్లే. ఎన్నికైన ఆరు నెలల్లోగా ప్రాథమిక శిక్షణ, రెండేళ్లలోగా మరోసారి అని కేంద్ర పథకమైన రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ మొదటి గొడవ ఆరు నెలలు ఆగదు, తొలి సమావేశంలో మొదటి బిల్లు దగ్గరే మొదలవుతుంది. ఆ సమావేశానికి ముందే సర్పంచ్, ఉపసర్పంచ్, కార్యదర్శి ముగ్గురినీ మండల కేంద్రంలో ఒక్కరోజు కలిపి కూర్చోబెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఎంపీడీవో ఆఫీసు మీటింగు హాలు చాలు.